పదమూడో విండో

ఎనిమిది అంతస్తుల ఆ ఆఫీసు బిల్డింగులో అందరికంటే ఎక్కువ చూసేవాడూ, అందరికంటే తక్కువ మాట్లాడేవాడూ ఒక్కడే. సెల్లార్‌లో పంపుల గది పక్కన కెమెరా గదిలో కూర్చుంటాడు. బిల్డింగులో అక్కడక్కడా బిగించిన పన్నెండు కెమెరాలు అతని ఎదుట పెద్ద తెర మీద పన్నెండు విండోలై కనిపిస్తాయి. వాటిలో బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. అతనూ అంతే. అందుకని తోటివాళ్ళు మ్యూటన్న అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత మొహం మీదే అన్నారు. అతను కాదనలేదు కాబట్టి పేరు ఖాయమైంది.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేవాడి పేరు సైరన్. వాడు గుసగుసలాడినా పంపుల గదిలోకి వినబడుతుంది. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరి మాటలూ వాడే మాట్లాడేవాడు. "అంతా బానే ఉందా అన్నా? బానే ఉందిరా. తిన్నావా? తిన్నాను. సరే, ఇక వెళ్ళొస్తావా? వెళ్ళొస్తాను." మ్యూటన్న లేచి చొక్కా సర్దుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ గదిలో ఒక అలవాటు ఉంది. ప్రతి విండో నెత్తినా అది ఏ చోటో రాసి ఉంటుంది. కానీ చీమ తలంత అక్షరాలు. వాటిని చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఏ విండో ఎక్కడుంటుందో అందరికీ కంఠతా వచ్చు. పై వరసలో మొదటిది ముందు గేటు. రెండోది లిఫ్టుల దగ్గర. కింది వరసలో చివరిది జనరేటరు గది. వాకీటాకీలో "పై వరస రెండు" అంటే చాలు, గార్డులు లిఫ్టుల దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. చోటు పేరు పెట్టి చెప్పేవాడు ఇంకా పని రానివాడని లెక్క.

మ్యూటన్న భార్య అదే బిల్డింగులో తుడిచే పని చేస్తుంది. ఇద్దరూ ఒకే చోట కుదిరినప్పుడు చుట్టాలు మెచ్చుకున్నారు. పగలంతా కళ్ళెదుటే ఉంటుంది, అదృష్టవంతుడివి అన్నారు. నిజంగానే కళ్ళెదుటే ఉండేది. కెమెరాల మీద దుమ్ము తుడవడం కూడా ఆమె పనే. ఒక్కో కెమెరా దగ్గరా చిన్న స్టూలెక్కి మెత్తటి పసుపు గుడ్డతో తుడిచేది. అప్పుడు విండో నిండా ఆమె మొహం వచ్చేది. ఒక్కోసారి నాలుక బయటపెట్టి వెక్కిరించేది. కింద సెల్లార్‌లో మ్యూటన్న అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నవ్వేవాడు. ఆ నవ్వు ఆమె ఎన్నడూ చూడలేదు. అటువైపు కెమెరా లేదు.

ఇంటికొచ్చాక మాత్రం అతనికి మాట పెగిలేది కాదు. పగలంతా చూసిన మనిషిని మళ్ళీ ఏమడుగుతాడు? ఎక్కడ తుడిచిందో తెలుసు. ఎవరు తడి నేల తొక్కి పోయారో తెలుసు. ఎప్పుడు నడుం పట్టుకుందో తెలుసు. కంచం ముందు కూర్చుని తిని లేచేవాడు. ఆమె ఆ రోజు సంగతేదైనా చెప్పబోతే "చూశాను" అనేవాడు. అంతటితో ఆమె మాటకు మూత పడేది. కొన్నాళ్ళకు చెప్పడం మానేసింది.

అతనికి తెలియంది ఒకే ఒకటి ఉంది. మూడో అంతస్తులో జిరాక్సు గది ఉంది, అది దాటితే మెట్లు. రెండు చోట్లా కెమెరాలున్నాయి. మధ్యలో వరండా ఒక మలుపు తిరుగుతుంది. అక్కడ కెమెరా లేదు. జిరాక్సు గది విండోలోంచి బయటికెళ్ళిన మనిషి ఎవరైనా సరే, రెండు ఊపిర్లు తీసేలోపు మెట్ల విండోలోకి రావాలి. ఆమె మాత్రం టీ తాగేంత సేపటికి వచ్చేది. ఒక రోజు కాదు, రోజూ. అన్ని చోట్లా ఆమె ఏం చేస్తుందో తెలిసినవాడికి, తెలియని ఆ కాస్త చోటూ కంట్లో నలుసైంది. చాలా రోజులు ఓర్చుకున్నాడు. ఒక సాయంత్రం ఇక ఆగలేక అడిగేశాడు.

"ఆ మూడో అంతస్తు మలుపులో అంతసేపు ఏం చేస్తావే?"

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అతను ఇంట్లో ఒక ప్రశ్న అడిగి ఎన్నాళ్ళైందో ఆమెకు గుర్తు లేదు.

"ఇన్నాళ్ళకి నోరు తెరిచి అడిగేది ఇదా?" అంది.

అంతే. ఆ రోజు నుంచి ఆమె కూడా మ్యూటైపోయింది. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, అవతలి గదిలోకి వెళ్ళిపోయేది. బిల్డింగులో కెమెరాలు తుడిచేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి బారెడు చాచి తుడిచేది. విండోలో ఆమె మొహం ఉండే చోట ఇప్పుడు పసుపు గుడ్డ ఒక్కటే వచ్చి పోయేది.

మామూలు మనిషైతే భార్యతో మాట్లాడి ఉండేవాడు. మ్యూటన్న విండోలు సర్దుకున్నాడు.

ఆ సర్దడం కంప్యూటరాయన నేర్పిందే. కొత్తలో ఆయన వచ్చి, విండో నెత్తి మీది పట్టీని మౌస్‌తో పట్టుకుంటే ఎక్కడికైనా లాగొచ్చనీ, మూల పట్టుకుని సాగదీస్తే పెద్దదవుతుందనీ, ఒకదాని మీద ఒకటి కూడా పెట్టుకోవచ్చనీ చూపించి వెళ్ళాడు. ఎవరూ ఒక్కటీ కదపలేదు. గుడిసె వేసుకున్నట్టు ఎక్కడివక్కడే పాతుకుపోయాయి. ఆ వరసలో చూస్తే భార్య పై మూల నుంచి కింది వరస మధ్యలోకి దూకేది, అక్కడి నుంచి మళ్ళీ పైకి ఎగిరేది. అతని చూపు ఆమె వెంట పరిగెత్తలేక రొప్పేది.

అందుకని ఆమె తుడిచే దారినే తెర మీద పరిచాడు. ముందు హాలులో మొదలుపెడుతుంది కాబట్టి ఆ విండోని మొదట పెట్టాడు. డాబా మెట్ల దగ్గర ముగిస్తుంది కాబట్టి దాన్ని కింది వరస చివరికి లాగాడు. పనైపోయాక అక్కడే ఆమె నేల తుడిచే మాపులు ఉడుకునీళ్ళలో నానబెడుతుంది. ఆమె కాలు పెట్టని చోట్లు కొన్నున్నాయి. జనరేటరు గది, వెనక గేటు, కార్లు పెట్టే చోటు. వాటిని అరచేతిలో సగమంత చేసి మధ్యలో ఇరికించాడు. ఇప్పుడు ఆమె ఎడమ నుంచి కుడికి, వరస తర్వాత వరస, పొద్దుటి నుంచి పనైపోయేదాకా తిన్నగా నడుస్తుంది.

ఒక్క చోటే తెగేది. జిరాక్సు గది విండోకీ మెట్ల విండోకీ మధ్య సన్నటి నల్లగీత ఉంది. ఆమె అందులోకి వెళ్ళి, చాలాసేపు అందులోనే ఉండి, ఇవతలికి వచ్చేది.

సైరన్ వచ్చేలోపు అన్నిటినీ మళ్ళీ పాత చోట్లకు లాగేవాడు. లేవగానే పక్క దులిపి మడత పెట్టినట్టు, తన జాడ లేకుండా సర్దేవాడు.

నెల సగంలో ఒక రోజు, ఆమె మేస్త్రమ్మతో మాట్లాడుతూ కనిపించింది. తుడిచేవాళ్ళందరికీ పని పంచేది మేస్త్రమ్మ. భార్య చెయ్యెత్తి బయటికి చూపిస్తోంది. రోడ్డుకు అవతల అదే కంపెనీ వాళ్ళది ఇంకో బిల్డింగు ఉంది. మేస్త్రమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. భార్య మళ్ళీ అటే చూపించింది. మేస్త్రమ్మ నీ ఇష్టమన్నట్టు చేతులు దులుపుకుంది. మాట వినబడకపోయినా మ్యూటన్నకు సంగతి తెలిసిపోయింది. సైరన్ గదిలోకి అడుగు పెట్టీ పెట్టగానే లేచి, మేస్త్రమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు. సైరన్ ఇద్దరి మాటలూ మాట్లాడటం పూర్తయ్యేసరికి అతను గదిలో లేడు. విండోలు పాత చోట్లకు వెళ్ళలేదు, ఆమె దారి వరసలోనే ఉండిపోయాయి.

మేస్త్రమ్మ ఎదుట అతను నీళ్ళు నమిలాడు. ఆమె తానే అందుకుంది. "ఒకటో తారీకు నుంచి ఎదురు బిల్డింగుకి వేయమంది నీ పెళ్ళాం. ఇక్కడేమొచ్చిందే అంటే, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు, అదే హాయి అంటది. ఏం చేశావయ్యా దాన్ని?"

"చూశాను," అన్నాడు మ్యూటన్న.

మేస్త్రమ్మకు అది జవాబులా అనిపించలేదు.

సరిగ్గా అప్పుడే కింద సెల్లార్‌లో సైరన్ తెర వైపు చూశాడు. కింది వరసలో చివరి విండో నిండా తెల్లటి పొగ. కింది వరస చివరిదంటే జనరేటరు గది. ఆ మాట నిద్రలో అడిగినా చెప్తాడు. పొగలో ఇంకేమీ కనబడటం లేదు, చీమ తలకాయంత అక్షరాలు చదివే తీరిక అంతకన్నా లేదు. వాకీటాకీ అందుకుని, "కింది వరస చివరిది, మంట, మంట" అని పేరు నిలబెట్టుకున్నాడు. వాకీటాకీ లేని గార్డులకు కూడా వినబడింది.

గార్డులు మంటలార్పే ఎర్ర సిలిండర్లు ఎత్తుకుని జనరేటరు గదిలోకి దూకారు. ఆ పూట బయట కరెంటు లేదు. బిల్డింగు మొత్తం ఆ జనరేటరు మీదే నడుస్తోంది. పొగ కనబడకపోయినా, కెమెరా గది నుంచి వచ్చిన మాట కాబట్టి, ఉన్న పొడంతా దాని మీద కొట్టారు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైట్లు ఆరిపోయాయి. లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య నిలబడిపోయింది. అందులో మేనేజరున్నాడు, ఒంటరిగా.

డాబా మెట్ల దగ్గర మ్యూటన్న భార్య మరిగిన నీళ్ళు మాపుల మీద పోసి, ఆవిరి తగ్గేదాకా ఆగి, లైట్లు పోయాయేమిటా అనుకుంటూ కిందికి దిగింది.

మర్నాడు పొద్దున కెమెరా గదిలో విచారణ పెట్టారు. ఆ గదిలో అంతమంది ఎన్నడూ నిలబడలేదు. లిఫ్టులోంచి చెమటతో బయటపడ్డ మేనేజరు, పిలిపించిన కంప్యూటరాయన, మేస్త్రమ్మ, సైరన్, ఆవిరి చేసిన నేరానికి బకెట్టుతో సహా మ్యూటన్న భార్య. మ్యూటన్నను అతని కుర్చీలోనే కూర్చోబెట్టారు. విండోలు నిన్న ఉన్నట్టే ఉన్నాయి. సాక్ష్యం చెడకూడదని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

సైరన్ చెప్పవలసింది చెప్పాడు. పై అంతస్తుల వాళ్ళు కూడా విన్నారు. తర్వాత మేనేజరు మ్యూటన్న వైపు తిరిగి, విండోలను ఈ తలాతోకా లేని వరసలో ఎందుకు పెట్టావని అడిగాడు. మ్యూటన్నకు చెప్పడానికి నిజం తప్ప ఇంకేమీ తట్టలేదు. ఆ నిజం పెళ్ళాం ఎదుట, మేస్త్రమ్మ ఎదుట, సైరన్ చెవిలో వేసేది కాదు. ఉలుకూ పలుకూ లేకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. అందరూ అతను చూస్తున్న వైపే చూశారు. చాలాసేపు చూశారు.

కంప్యూటరాయనకు లోపల భయం పట్టుకుంది. విండోలు లాగొచ్చని నేర్పింది తనే. అది తప్పని తేలితే మొదట మెడ మీదికి వచ్చేది తనకే. కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి జరిగాడు. ముందు హాలు, తర్వాత వెయిటింగు గది, తర్వాత మొదటి అంతస్తు వరండా అని వేలితో నడుచుకుంటూ వెళ్ళాడు. వెళ్ళేకొద్దీ ఆయన మొహం విప్పారింది.

"సార్, ఇది తలాతోకా లేనిది కాదు. ఒక మనిషి ఈ బిల్డింగులో కింది నుంచి పైకి నడిస్తే ఏ దారిన వెళ్తాడో, అదే వరస. దొంగ వచ్చాడనుకోండి, ఒక విండోలోంచి పక్క విండోలోకే వస్తాడు. చూపు తప్పిపోడు. మా ప్రోగ్రాంలో ఈ సౌకర్యం ఇందుకే పెట్టాం."

మేనేజరు గడ్డం రుద్దుకున్నాడు. పై ఆఫీసుకు ఆయన ఏదో ఒకటి రాయాలి. మా గార్డులు నడుస్తున్న జనరేటరును ఆర్పేశారు, నేను లిఫ్టులో వేళ్ళాడాను అని రాయడానికి మనసొప్పలేదు. మా దగ్గర కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టారు, అది పరీక్షించే సందర్భంలో చిన్న అంతరాయం కలిగింది అని రాస్తే రెండూ కలిసొస్తాయి. "ఎవరి ఆలోచన ఇది, నీదేనా?" అని మ్యూటన్నను అడిగాడు. మ్యూటన్న మాట్లాడలేదు. "చూశారా, ఎంత అణకువో," అన్నాడు మేనేజరు.

మ్యూటన్న భార్య తెర వైపు చూస్తోంది. ముందు హాలు దగ్గర మొదలుపెట్టి, డాబా మెట్ల దాకా ఆమె కళ్ళు నడిచాయి. ప్రతి చోటా ఒక్క క్షణం ఆగాయి, బకెట్టు దించిన చోట ఆగినట్టు. మేనేజరుకు అది కనబడి, పిల్లల్ని పలకరించినట్టు పలకరించాడు. "ఏమ్మా, నీకేమైనా అర్థమవుతోందా?"

"అవుతోంది సార్," అంది ఆమె. ఏమర్థమైందని ఆయన అడగలేదు.

ఇంతలో కంప్యూటరాయన వేలు జిరాక్సు గది పక్కన ఆగింది. "ఇక్కడొక లోటుంది సార్. ఈ మలుపులో కెమెరా లేదు. దారి ఇక్కడ తెగిపోతోంది. ఇక్కడొకటి బిగిస్తే ఇక తిరుగుండదు." మేనేజరు వెంటనే సరేనన్నాడు. ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. తప్పంతా చివరికి సైరన్ మీద తేలింది. ఇకనుంచి చోటు పేరు పెట్టి చెప్పాలని వాడికి గట్టిగా చెప్పారు. అందరూ వెళ్ళాక వాడు మ్యూటన్న భుజం తట్టి, "నువ్వు నోరు తెరవక నెగ్గావన్నా, నేను తెరిచి మునిగాను," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె మాట్లాడింది. అతని ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడింది.

"మలుపులో ఏం చేస్తానని అడిగావుగా. ఏమీ చెయ్యను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి కళ్ళు నా వీపు మీదే ఉంటాయి. మేస్త్రమ్మ చూస్తది, ఆఫీసోళ్ళు చూస్తారు, కిందనుంచి నువ్వు చూస్తావు. అక్కడొక్కచోటే ఎవరూ చూడరు. మాపు గోడకానించి ఊరికే నిలబడతా. అంతే. ఇప్పుడు దానికి కూడా కన్ను పెట్టించావు."

అతను ఏదో అనబోయాడు.

"నేనెక్కడికెళ్తే అక్కడికి డబ్బాలన్నీ వరసగా పేర్చుకున్నావు, చూశాలే. ఇంకొకతైతే మురిసిపోయేదేమో. పక్కన కూర్చున్నప్పుడు పలకవు, ఎనిమిది అంతస్తులూ వెంటబడతావు. ఒకటో తారీకున ఎదురు బిల్డింగుకి పోతున్నా. అక్కడ ఎవరు చూసినా నాకు బాధ లేదు, నువ్వు కాదు కాబట్టి."

మర్నాడు మ్యూటన్న జీవితంలో మొదటిసారి మేనేజరు గదికి తనంతట తాను వెళ్ళాడు. ఆ మలుపులో కెమెరా వద్దని చెప్పాలి. మెట్లెక్కుతూ మాటలు కూర్చుకున్నాడు. లోపలికి వెళ్ళాక అవి కూర్చున్న చోటునుంచి లేవలేదు. "ఆ మలుపులో..." అన్నాడు.

"ఒకటి చాలదంటావా?" అన్నాడు మేనేజరు. మ్యూటన్న గబగబా తల అడ్డంగా ఊపాడు. "నాకూ అదే అనుమానం. సరే, మామూలుది వద్దు. చీకట్లో కూడా కనబడేది తెప్పిస్తాను." మ్యూటన్న ఇంకా మంచి కెమెరా సంపాదించుకుని కిందికి దిగాడు.

నాలుగు రోజుల్లో కెమెరా వచ్చింది. తెర మీద జిరాక్సు గదికీ మెట్లకీ మధ్య నల్లగీత పోయి, పదమూడో విండో వెలిగింది. చిత్తరువులా స్పష్టంగా ఉంది. గోడ మీద పెచ్చు ఊడిన చోటు కూడా తెలుస్తోంది. దాని పక్కన గోడ మీద ఒక నల్లటి మరక ఉంది, రోజూ ఒక మాపు కర్ర ఆనే చోట. ఇన్నాళ్ళు అతన్ని నిద్రపోనివ్వని చోటు అది. ఇప్పుడు ఒళ్ళో వచ్చి పడింది.

మూసేద్దామంటే వీల్లేదు. పదమూడూ తెరిచే ఉండాలని మేనేజరు చెప్పాడు. ఒకటి మూసినా, కిందికి దించినా పైన ఆయన గదిలో గంట మోగేలా కంప్యూటరాయన పెట్టిపోయాడు. మ్యూటన్న కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత అరచేతిలో సగమంత ఉన్న వెనక గేటు విండోని నెత్తి పట్టుకుని లాక్కొచ్చి, పదమూడోదాని మీద పెట్టాడు. మూల పట్టుకుని సాగదీశాడు. ఆమె జిరాక్సు గదిలోంచి బయటికి రావడం కనిపించింది. గేటు అంచు పక్కన, పదమూడోది వేలెడంత ఇంకా బయటే ఉంది. ఆ వేలెడులోకి మాపు కర్ర కొస వచ్చి ఆగింది. మ్యూటన్న గేటును ఇంకాస్త సాగదీశాడు. కర్ర కొస కూడా పోయింది.

వెనక గేటు దగ్గర చూడటానికి ఒక కుక్క తప్ప ఏమీ లేదు. రోజూ ఆ టీ తాగేంత సేపూ అతను కుక్కను చూస్తూ కూర్చున్నాడు. అది లేస్తే లేచిందని, చెవి గోక్కుంటే గోక్కుందని చూశాడు. ఎడమ కాలు కాస్త కుంటుతుందని కూడా కనిపెట్టాడు. ఆమె మెట్ల విండోలోకి వచ్చాకే గేటు మీదినుంచి చూపు తీసేవాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. నేను చూడటం లేదు అని చెప్తే, చూడకుండా ఎలా తెలుస్తుందని ఆమె అడుగుతుందేమోనని భయపడ్డాడు.

ఒక రోజు మేనేజరు పై ఆఫీసు వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళలో ఒకాయన, మిగతావన్నీ చిన్నగా ఉంటే వెనక గేటు ఒక్కటే తాంబాళమంత ఎందుకుందని అడిగాడు. మ్యూటన్న పలకలేదు. మేనేజరు అతని తరఫున పలికాడు. "ప్రమాదం ఎప్పుడూ వెనకనుంచే వస్తుంది కదండీ. అందుకని దాని మీద ప్రత్యేక దృష్టి." వాళ్ళు తలలాడించారు. వారం తిరక్కుండానే కంపెనీకున్న బిల్డింగులన్నిటిలో విండోలు ఈ వరసలోకి వచ్చాయి, నడిమధ్యన పెద్ద వెనక గేటుతో సహా. దాని కింద ఏముందో ఎవరూ ఎత్తి చూడలేదు. ఎన్ని వరండాల మలుపుల్లో ఎంతమంది మాపులు గోడకానించి నిలబడ్డారో ఎవరికీ తెలియదు. ఆ కంపెనీలో జరిగిన మంచిపనుల్లో ఇది రాతలో లేనిది.

నెల చివరికి వచ్చింది. ఆ రోజు సాయంత్రం మ్యూటన్న బజారులో కాసేపు తిరిగి, చీకటి పడుతుండగా ఇంటికి చేరాడు. వంటింట్లో లైటు లేదు. ఆమె గుమ్మం దగ్గర, వీధి వెలుతురు పడే చోట కూర్చుని ఉంది. అతని రెండు చేతుల వైపూ చూసింది. ఖాళీగా ఉన్నాయి. జేబు వైపు చూసింది.

"బల్బేది?" అంది.

"ఏ బల్బు?"

"వంటింటి బల్బు. నువ్వు పొద్దున వెళ్ళాక మాడిపోయింది. తెమ్మన్నానుగా."

"ఎప్పుడన్నావు? నాతో మాట్లాడితేగా," అన్నాడతను. ఆ దెబ్బకి అతని నోట అంత పెద్ద మాట వచ్చింది.

ఆమె లేచి, సంచిలోంచి మాడిన బల్బు తీసి అతని మొహం ముందు పెట్టింది. "ఆ మలుపులో నిలబడి, నీ కొత్త కెమెరాకి ఇట్టా ఆనించి చూపించా. ఇదే కావాలి, ఇట్టాంటిదే తే అని. చెయ్యి నొప్పెట్టిందాకా ఊపాను. మొన్న పక్కింటోళ్ళు అడిగిన నిచ్చెన గురించీ అక్కడే చెప్పా. నిన్న వేళ్ళతో కొట్టి, తల దువ్వుకుని పో అని చెప్పా. దువ్వుకున్నావా? లేదు. మూడు రోజుల్నుంచి చూస్తున్నా, ఒక్కటి వినవే?"

మ్యూటన్న ఆమె వైపు చూశాడు.

"గేటు దగ్గర కుక్కుంది," అన్నాడు. "ఎడమ కాలు కుంటుతది."

ఆమెకు ముందు అర్థం కాలేదు. ఆ పెద్ద గేటు సంగతి మేస్త్రమ్మ చెప్పగా విని ఉంది. అది ఏ విండో మీద కూర్చుందో మెల్లగా తోచింది. బల్బు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. మూతి బిగపట్టుకుంది గానీ ఆగలేదు. స్టూలెక్కి కెమెరా తుడిచే రోజుల్లో నవ్విన నవ్వు నవ్వింది. ఈసారి దానికి శబ్దం కూడా ఉంది.

"చేతకాని మొగుడు," అంది. "తెమ్మన్న బల్బు తేవు, ఎదురు బిల్డింగుకి పోతే అక్కడికొచ్చి కూడా ఇట్టాగే కుక్కని చూస్తా కూర్చుంటావు. రేపు మేస్త్రమ్మతో చెప్పాలి, నేనెక్కడికీ పోవట్లేదని. ముందు ఆ కొట్టు మూసెయ్యకముందే పోయి బల్బు పట్రా."

అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వీధిలోకి నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఎలాంటి బల్బే?" అని అడిగాడు.

"చూపించానుగా," అంది ఆమె, తలుపు దగ్గరేస్తూ.